బండెమ్మ మాటల మీద ఎర్ర సిరా

విజయనగరంలోని ఒక ప్రచురణ సంస్థలో నేను ప్రూఫ్ రీడరుగా చేరిన రెండో ఏడు, జూన్ మొదటి వారంలో, ఒక చారిత్రక నవల నా బల్ల మీదికి వచ్చింది. రాసినావిడ అప్పలనరసమ్మ గారు, కోటబొమ్మాళి దగ్గర వరి పండించే రైతు. వెట్టికి రామన్నందుకు జమీందారు వెళ్లగొట్టిన ఒక ఊరి జనం ఒరిస్సా సరిహద్దు దాకా నడిచిపోయి, అడవి కొట్టి, మడులు కట్టుకుని బతికిన కథ అది. వాళ్లను నడిపించిన ముసలామె బండెమ్మ, రచయిత్రికి ముత్తవ్వ.

మొదటి ప్రూఫును రాతప్రతితో పోల్చి అచ్చుతప్పులు దిద్దడం మా పని. ఆఖరి ప్రూఫు మీద ప్రూఫ్ రీడరు సంతకం ఉంటేనే పుస్తకం అచ్చుకు వెళుతుంది. దాన్ని ప్రింట్ ఆర్డర్ అంటారు. ఈ నవల విషయంలో ప్రధాన సంపాదకుడు ఇంకో పని కూడా పెట్టాడు. సంభాషణలన్నీ మంచి తెలుగులోకి మార్చాలన్నాడు. నవలలో వచ్చే తాగుబోతు బండివాడి మాటలు మాత్రం అలాగే ఉంచమన్నాడు. పాఠకులు నవ్వుకుంటారట.

నేనూ ఆ వైపువాణ్ణే, నరసన్నపేట పక్క పల్లెవాణ్ణి. అయినా మార్చాను. "ఎల్లిపోమంతే ఎల్లిపోతాం గానీ, మాం దున్నిన నేల నీదెలగవుతాది?" అని బండెమ్మ జమీందారు మనిషిని నిలదీస్తుంది. దాన్ని కొట్టేసి, "వెళ్లిపొమ్మంటే వెళ్లిపోతాము. కానీ మేము దున్నిన భూమి నీది ఎట్లా అవుతుంది?" అని ఎర్ర సిరాతో రాశాను.

ప్రూఫు చూసుకోవడానికి వచ్చిన అప్పలనరసమ్మ గారు ఆ ఎరుపు చూసి బెదిరిపోయారు.

"ఇన్ని తప్పులు రాసినానేటి బాబూ?"

తప్పులు కావనీ, సంస్థ పద్ధతి అనీ చెప్పాను. ఆవిడ పేజీలు తిప్పుతూ బండివాడి దగ్గర ఆగారు. అక్కడ ఒక్క గీత కూడా లేదు.

"తాగుబోతోడికైతే మా మాట సరిపోతాదా? బండెమ్మకి సరిపోదా? జమీందారు మా ముసిల్దాన్ని ఊర్లోంచి గెంటీసినాడు. మీరు పుస్తకంలోంచి గెంటీస్తన్నారు. నీదేవూరు బాబూ?"

చెప్పాను.

"మీ యమ్మతోటి ఇలగే మాట్నాడతావేటి?"

ఆవిడ వెళ్లాక ప్రూఫు కట్టను మళ్లీ ముందేసుకున్నాను. రెండు రోజులు కూర్చుని, కొట్టేసిన ప్రతి మాట కింద చుక్కలు పెట్టి, పక్కన 'స్టెట్' అని రాశాను. మొదట ఉన్నట్టే ఉంచమని దాని అర్థం. సంపాదకుడు ఆ కట్టను నా ముందే విసిరికొట్టాడు. పొలం గట్టు మీద మాట్లాడుకునేది పుస్తకానికి పనికిరాదన్నాడు. మా వైపు పండిన బియ్యం తింటూ ఆ మాట అన్న మనిషి మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.

చుక్కలన్నీ ఇంకొకరి చేత చెరిపించాడు. ఆఖరి ప్రూఫు మాత్రం నా దగ్గరికే వచ్చింది. సంతకం పెట్టకపోతే ఉద్యోగం పోతుందని నాతో ఎవరూ అనలేదు. నాకు నేనే అనుకుని పెట్టేశాను.

నవల వెలువడింది. రచయిత్రికి పంపిన ప్రతుల కట్టను ఆవిడ విప్పకుండానే తిప్పి పంపారు. ఇంకో పుస్తకం రాసినట్టు నేను వినలేదు.

ఆ తర్వాత రిటైరయ్యే దాకా అదే పని చేశాను. పాత్ర నోటి మాట ఎవరు మార్చమన్నా మార్చలేదు. రెండుసార్లు ప్రింట్ ఆర్డరు సంతకం లేకుండా తిప్పి పంపాను. ఉద్యోగం పోలేదు. అప్పుడూ పోయేది కాదు.