గంట పెట్టిన పోకర్ పోటీ

కూరగాయల టోకు మార్కెట్లో అతన్ని అందరూ గంట అనే పిలిచేవారు. అక్కడ వేలం పాడేవాడు. లారీల్లోంచి దించిన బంగాళాదుంపల బస్తాల మీదికెక్కి మొదటి ధర అరిచాడంటే రోడ్డవతల ఇళ్లలో నిద్రపోతున్నవాళ్లు ఉలిక్కిపడి లేచేవారు. మైకు కొనిస్తామని ఆఫీసువాళ్లు అంటే, "మైకు నాకెందుకయ్యా, అది పాడైపోతే నన్ను పిలవండి" అనేవాడు. చేతిలో ఎప్పుడూ ఒక చెక్కసుత్తి ఉండేది. ధర ఖాయమైతే దాంతో బల్ల మీద ఒక్క దెబ్బ వేసేవాడు. ఆ దెబ్బకీ గొంతుకీ మార్కెట్టంతా కట్టుబడి ఉండేది.

ఆ గొంతులోనే పుండు లేచింది. మొదట్లో బొంగురుపోయిందనుకున్నారు. ఉల్లిపాయల దుమ్మనుకున్నారు. ఉప్పునీళ్లు పుక్కిలిస్తూ, ఇవాళ తగ్గుతుంది రేపు తగ్గుతుందని కాలం గడిపాడు. చివరికి పెద్దాసుపత్రిలో స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ కింద, గొంతుగుంటలో ఒక రంధ్రం మిగిలింది. ఊపిరి పీల్చడం, వదలడం అన్నీ దాంట్లోంచే. భార్య ఇంట్లో కర్టెన్లు కుట్టి అమ్ముతుంది. ఆమే మెత్తటి పలచటి గుడ్డ ముక్కలు కత్తిరించి, ఆ రంధ్రం మీద కట్టుకోవడానికి నాడాలు కుట్టి ఇచ్చింది.

మెడకు ఆనించి మాట్లాడే యంత్రం ఒకటి ఆసుపత్రివాళ్లు ఇచ్చారు. గంట దాన్ని ఒక్కసారి వాడాడు. తనలోంచి వచ్చిన ఆ గరగర విని, తీసుకెళ్లి బీరువా మీద పడేశాడు. తప్పనిసరైతే పలక మీద రాసేవాడు. అదీ ఒకటి రెండు మాటలే.

మొదట్లో మార్కెట్ నుంచి జనం గుంపులుగా వచ్చారు. వచ్చినవాళ్లు అతనికి చెవుడు వచ్చినట్టు గట్టిగా అరిచి మాట్లాడేవారు. తర్వాత అతని భార్యతో మాట్లాడేవారు. "ఏమైనా తింటున్నాడా వదినా?" అని అతని ఎదురుగానే ఆమెను అడిగేవారు. ఆ తర్వాత రావడం తగ్గించారు. చిన్నప్పటి నుంచీ స్నేహితుడు, మార్కెట్లో తూకాలు వేస్తాడని కాటా అని పేరుపడ్డవాడు కూడా గుమ్మం దాకా వచ్చి, "పని తొందర" అని వెళ్లిపోవడం మొదలుపెట్టాడు.

ఒక్కడు మాత్రం మొదటిరోజే అందరి చేత ఛీ అనిపించుకున్నాడు. గంట భార్యకు తమ్ముడు. ఐసు ఫ్యాక్టరీలో పని. అతని నోటికి అడ్డూ ఆపూ ఉండదు. బావకీ అతనికీ ఎప్పుడూ పడేది కాదు. ఆపరేషనైన మర్నాడు మంచం పక్కన నిలబడి, "పోనీలే బావా, ఇకనైనా మా అక్క చెవులకు కాస్త విశ్రాంతి" అన్నాడు. నర్సు కూడా నివ్వెరపోయింది. అక్క అతన్ని వరండాలోకి లాక్కెళ్లి, మళ్లీ గడప తొక్కొద్దని చెప్పేసింది. తొక్కలేదు.

ఒకరోజు మధ్యాహ్నం గంట పలక తీసుకుని రాశాడు: "ఆదివారం. పోకర్. ఇక్కడే."

ఆమెకు అర్థం కాలేదు. ఒంట్లో బాగున్న రోజుల్లో ఆదివారం బేరాలు అయిపోయాక, ఖాళీ గోనెల షెడ్డులో వాళ్లంతా పోకర్ ఆడేవారని ఆమెకు తెలుసు. చేతిలో రెండేసి పేకముక్కలు, మధ్యలో అందరికీ కలిపి ఐదు. పందెం కాసే బిళ్ళలు అయిపోయినవాడు లేచిపోవాలి, చివరిదాకా మిగిలినవాడు గెలిచినట్టు. గంట అక్కడ ముక్కలతో కంటే నోటితో ఎక్కువ ఆడేవాడని కూడా విన్నది. అవతలివాడి బుర్ర తినేసి, వాడిచేత మంచి ముక్కలు పడేయించేవాడట.

"మాట లేకుండా ఎలా ఆడతారండీ?" అని అడిగేసింది. అడిగాక నాలుక కరుచుకుంది.

అతను కోప్పడలేదు. బల్ల మీద వేలితో రెండుసార్లు తట్టి చూపించాడు. పందెం పెంచకుండా ఊరుకోవాలంటే అంతే. పెంచాలంటే బిళ్ళలు ముందుకు తోయాలి. ఆడనంటే ముక్కలు పడేయాలి. మాటతో పనే లేదు. అతని కళ్లలో అంత హుషారు చూసి చాలా కాలమైంది.

ఆ వారమంతా ఇంట్లో పండగలా ఉంది. పాత చీపురుకర్రల్ని అడ్డంగా పలచగా కోసి, గరుకు కాగితంతో రుద్ది, మూడు రంగులు వేసి బిళ్ళలు చేశాడు. రంగు వాసనకు దగ్గొస్తే పెరట్లో కూర్చుని చేశాడు. ఆమె మిగిలిపోయిన ఆకుపచ్చ కర్టెన్ గుడ్డతో రెండు బల్లలకు ముసుగులు కుట్టింది. ఒక బల్ల పక్కింటిది. తనతో కలిపి ఎనిమిది మంది, బల్లకు నలుగురు అని అతని లెక్క. పిలవడానికి ఆమే మార్కెట్‌కు వెళ్లింది.

"తప్పకుండా వస్తాం వదినా" అన్నాడు కూలీల మేస్త్రి.

"నేను పొద్దున్నే సరుకు దించేస్తాను, వచ్చేస్తా" అన్నాడు లారీ డ్రైవరు.

కాటా మాత్రం తక్కెడ గొలుసు సర్దుతూ, "పందెం డబ్బులతోనా?" అన్నాడు.

"డబ్బుల్లేవన్నయ్యా. గెలిచినవాళ్లకి ఏదో బహుమతి పెడుతున్నారు."

ఇంటికొచ్చేసరికి ఆ బహుమతేమిటో ఆమెకు కనిపించింది. ముందుగదిలో అలమరా మీద, నూనె రాసి నిగనిగలాడేలా తుడిచిన చెక్కసుత్తి ఉంది.

"అదిచ్చేస్తారా?" అంది. అతను తలూపాడు. "వద్దండీ. మళ్లీ ఎప్పుడైనా..." అని ఆగిపోయింది. మళ్లీ ఎప్పుడూ లేదని ఇద్దరికీ తెలుసు. వంటింట్లోకి వెళ్లి కుళాయి విప్పి చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

ఎవరూ రారేమో అన్న భయంతో శనివారం ఆమే తమ్ముడి దగ్గరికి వెళ్లింది. "రా. వచ్చి నోరు మూసుకుని ఆడు" అంది. "మూసుకుని ఆడాలంటే బావ ఉన్నాడుగా, నేనెందుకు?" అన్నాడు వాడు. ఆమె వెనక్కి తిరిగింది. "వస్తాలే అక్కా" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం కాటా, మేస్త్రి, డ్రైవరు వచ్చారు. చివర్లో తమ్ముడు. గెలిచినవాళ్లకి ఇదేనన్నట్టు గంట అలమరా మీది సుత్తి చూపించాడు. మార్కెట్లో పిలిచిన మిగతా నలుగురి కోసం కాసేపు చూశారు. వీధిలో చప్పుడైనప్పుడల్లా గంట తల తిప్పేవాడు. ఆఖరికి ఆమె రెండో బల్ల మీద గుడ్డ మడిచి తీసేసి, బల్లను గోడకు జరిపింది.

ఆట మొదలైంది. గంట ముక్కలు పంచాడు. చేతులు మునుపటిలాగే చురుగ్గా ఉన్నాయి. మొదటి ఆట గెలిచాడు. రెండోదీ గెలిచాడు. అతను బిళ్ళలు తోయగానే మేస్త్రి ముక్కలు పడేసేవాడు, డ్రైవరు "నా వల్ల కాదు" అనేవాడు. బావమరిదికి అసలు ముక్కలే పడటం లేదు. నిజంగానే చెత్త వస్తోంది, తిట్టుకుంటూ పడేస్తున్నాడు. గంట ముందు రంగు బిళ్ళల కుప్ప పెరిగింది. కానీ అతని ముఖంలో వెలుగు తగ్గుతూ వచ్చింది. ఇన్నేళ్లు జనం ముఖాలు చూసి ధర పలికించినవాడు. ఎవరు కొంటారో ఎవరు కొనరో కనుబొమ్మ కదిలితే చెప్పగలడు.

ఒక ఆటలో మధ్యలో రెండు రాణులు పడ్డాయి. గంట మామూలుగానే కొన్ని బిళ్ళలు తోశాడు. కాటా తన ముక్కలు రెండుసార్లు చూసుకుని, బోర్లా పడేశాడు. గంట చెయ్యి చాచి ఆ ముక్కల్ని తిప్పాడు. వాటిలో ఇంకో రాణి ఉంది. మూడు రాణులున్నవాడు చిన్న పందేనికి భయపడి పడేయడం ఎక్కడా జరగదు.

గంట పలక అందుకున్నాడు. సుద్ద విరిగింది. విరిగిన ముక్కతోనే రాశాడు: "దానమా?"

"అది కాదురా" అన్నాడు కాటా. "ఆ సుత్తి గెలిచి నేనెలా పట్టుకుపోతాను? ఏ ముఖం పెట్టుకుని పట్టుకుపోతాను చెప్పు."

మేస్త్రి తల దించుకున్నాడు. ముగ్గురూ ముందే కూడబలుక్కున్నారని ఆ తల దించుకోవడంలోనే తెలిసిపోయింది. గంట పలకను బల్లకేసి కొట్టాడు. అరవాలనుకున్నాడేమో, నోరు తెరిచాడు. నోట్లోంచి ఏమీ రాలేదు. మెడ దగ్గర గుడ్డ మాత్రం ఎగిరెగిరి పడింది. అది చూడలేక డ్రైవరు లేచి నిలబడ్డాడు.

"లారీ దగ్గర పనుంది అన్నా" అని చెప్పులు వేసుకున్నాడు. మేస్త్రి అతని వెనకే వెళ్లాడు. కాటా ఏడుస్తూ కాసేపు కూర్చుని, గంట భుజం మీద చెయ్యి వెయ్యబోయాడు. గంట ఆ చెయ్యి తోసేశాడు. కాటా కూడా వెళ్లిపోయాడు.

బావమరిది మాత్రం, వాళ్లు వదిలేసిన బిళ్ళలన్నీ పక్కకు నెట్టి, "ఏడ్చేవాళ్లు వెళ్లిపోయారు కదా. పంచు బావా" అన్నాడు.

గంట అతన్ని తేరిపార చూశాడు.

"ఏంటలా చూస్తావ్? నీ గొంతు పోయింది గానీ బుర్ర ఉందిగా. పంచు. ఆ సుత్తి నాకు కావాలి. ఐసు పగలగొట్టుకోవడానికి బావుంటుంది."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఆమెకు తమ్ముణ్ణి లేచి కొట్టాలనిపించింది. కానీ గంట ముక్కలు కలుపుతున్నాడు.

ఎండ గోడ దిగేదాకా ఆడారు. బావమరిది నోరు క్షణం ఆగలేదు. "ఆ ముఖమేంటి బావా, బస్తాలో కుళ్లిన దుంప కనిపించినట్టు?" "తట్టావా? భయపడ్డావన్నమాట." ఒకప్పుడు షెడ్డులో గంట ఎలా ఆడేవాడో సరిగ్గా అలాగే ఆడాడు. ముక్కలూ అతని వైపు తిరిగాయి. బిళ్ళలు ఇద్దరి దగ్గరా సమానమయ్యాయి. అప్పుడొక ఆటలో బావమరిది తన దగ్గరున్నవన్నీ ఒక్క తోపుతో మధ్యలోకి నెట్టాడు. మధ్యలో నాలుగు కళావర్లున్నాయి, చేతిలో ఇంకొక్కటి ఉన్నవాడిదే ఆట. గంట చేతిలో పదుల జత, కళావరు మాత్రం లేదు. చాలాసేపు ఆలోచించాడు. బావమరిది మొదటిసారి నోరు మూసుకుని, గోళ్లు చూసుకుంటూ కూర్చున్నాడు. గంట ముక్కలు పడేశాడు.

బావమరిది తన రెండు ముక్కలూ తిప్పి చూపించాడు. ఆఠీను రెండు, డైమను ఏడు. కళావరూ లేదు, జతా లేదు. ఉత్త మోసం.

గంట ఆ ముక్కల్నే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత భుజాలు కదిలాయి. మెడ కింద గుడ్డ బుసబుసమంటూ కొట్టుకుంది. ముఖం ఎర్రబడింది. ఊపిరాడటం లేదనుకుని ఆమె పరుగెత్తుకొచ్చి వీపు పట్టుకుంది. అతను చేత్తో ఆమెను ఆపి, తమ్ముడి వైపు వేలు చూపించాడు. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. అతను నవ్వుతున్నాడని తెలియడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది. ఆపరేషనయ్యాక అతను నవ్వడం అదే మొదలు. శబ్దం లేని నవ్వు ఎలా ఉంటుందో ఆమె అంతకుముందు ఎరగదు.

గంట దగ్గర మిగిలిన బిళ్ళలు ఇంకో నాలుగైదు ఆటల్లో పోయాయి. అతను లేచి, సుత్తి తెచ్చి తన చేత్తోనే ఇచ్చాడు. బావమరిది మొహమాటపడకుండా దాన్ని సంచీలో పెట్టుకున్నాడు.

గేటు దగ్గర అక్క పట్టుకుంది. "నువ్వు మనిషివేనా? ఆయనకి మిగిలింది అదొక్కటే."

"వాళ్లు పరామర్శకొచ్చారక్కా. నేను ఆటకొచ్చాను" అని, "వచ్చే ఆదివారం కూడా వస్తాను, వద్దంటే ఇప్పుడే చెప్పు" అన్నాడు. ఆమె వద్దనలేదు.

ఆ మరుసటి ఆదివారం అతనొక్కడే వచ్చాడు. ఆ తర్వాతా అంతే. కాటా దారిలో ఎదురైతే "ఎలా ఉన్నాడు?" అని ఆమెనే అడిగేవాడు. బావా బావమరుదులు ఏనాడూ మంచీచెడూ మాట్లాడుకోలేదు. ఆడుకున్నారు, తిట్టుకున్నారు. తిట్టు రాయడానికి గంట పలక వాడటం మాత్రం పెరిగింది.

చలికాలం వచ్చేసరికి దగ్గులో నెత్తురు కనిపించింది. జబ్బు ఊపిరితిత్తుల్లోకి పాకిందన్నారు. ఇక కోయడానికేమీ లేదన్నారు. వార్డులో భోజనం పళ్లెం తిరగేసి దాని మీద ఆడేవారు. కొన్నాళ్లకు గంట వేళ్లు ముక్కల్ని పట్టలేకపోయాయి. అప్పుడు ఆమే మంచం మీద కూర్చుని అతని ముక్కలు పట్టుకునేది. ఆట అలా నేర్చుకుంది. అతను కళ్లతో చెబితే ఆమె తోసేది, పడేసేది. తమ్ముడు ఒక్క ఆట కూడా వదిలిపెట్టలేదు. ఓడించినప్పుడల్లా గంట ముఖం ముడుచుకునేవాడు. అంత నొప్పిలోనూ ముడుచుకునేవాడు. కొన్ని వారాలకు కళ్లతో చెప్పడం కూడా ఆగిపోయింది. తమ్ముడు ముక్కలు జేబులోనే ఉంచుకుని, పక్కన కూర్చుని వెళ్లేవాడు.

వేలం మంచి జోరు మీదున్న వేళ ఒక ఉదయం అతను పోయాడు. కబురు తెలిసి మార్కెట్టు మార్కెట్టే కదిలొచ్చింది. ఒంటినిండా గోనె దుమ్ముతో కూలీలు వచ్చారు. అందరూ అతని గొంతు గురించే చెప్పుకున్నారు. ఎక్కడిదాకా వినపడేదో, ఎవర్ని ఎలా హడలగొట్టాడో. చివరి ఏడాది గురించి ఒక్కరూ మాట్లాడలేదు. వాళ్లకు తెలిస్తే కదా.

కాటా ఆమె దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు. "ఆఖర్లో ఏమైనా బాధపడ్డాడా వదినా?"

"పడ్డారు" అంది ఆమె.

అతను ఇంకేదైనా చెబుతుందేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాడు. వచ్చినవాళ్లకు కుర్చీలు చాలక తమ్ముడు పక్కింటి నుంచి బెంచీ మోసుకొస్తుంటే, ఆమె లేచి వెళ్లి రెండోవైపు పట్టుకుంది.