రెండు గేట్లకూ ఒకే వాచ్‌మన్

పని తగ్గించుకునే తెలివి నాకు బాగానే ఉంది, ఎక్కడ తగ్గించుకోకూడదో తెలిసే తెలివే లేదు. రాయచూరు బజారులో బట్టల దుకాణం నడిపే అన్నదమ్ములు పక్కపక్కనే రెండిళ్లు కట్టుకోబోతున్నారు. ఆ ఇళ్ల బొమ్మలు కంప్యూటర్లో గీయడం నా పని. రెండూ ఒకే తీరు కదా అని ఒకటి గీసి, దానికే లంకె పెట్టిన నకలును పక్కన నిలబెట్టాను. ఇటు కిటికీ మారిస్తే అటు కిటికీ తనంతట తానే మారుతుంది. సగం శ్రమ మిగుల్చుకున్నాననుకున్నాను. మిగిలింది తిట్లు.

మా వైపు అన్న ఇల్లు తమ్ముడి ఇంటికంటే జానెడైనా ఎత్తుండాలి. పుట్టినప్పటి నుంచీ తెలిసిన సంగతే, గీసేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు. అన్న తన పిట్టగోడ పెంచమన్నాడు. పెంచాను. ఇద్దరినీ కూర్చోబెట్టి చూపిస్తే తెర మీద రెండు గోడలూ పెరిగి ఉన్నాయి.

"ఏంది గిది? వానిది ఎవడు పెంచమన్నడు?" అని అన్న బల్ల గుద్దాడు.

"నువ్వే గదన్నా! తమ్ముడు ఎదగాలని నీకెంత ఉన్నదో," అన్నాడు తమ్ముడు.

"నోరు ముయ్!" అని అన్న నా మీదికి తిరిగాడు. "నీకు దిమాక్ ఉన్నదా? పోయి గాడిదలు కాసుకో."

వాళ్లు వెళ్లాక, ఈ ఇళ్లు చేజారితే నువ్వూ ఇంటికే అన్నాడు మా ఆఫీసు యజమాని. వెంటనే లంకె తెంపి తమ్ముడి గోడ మళ్లీ దించాను. అన్న గోడ ఒక్కటే పెరిగింది, ఆయన నోరు మాత్రం తగ్గలేదు. రోజూ నా కుర్చీ వెనక నిలబడి తిట్టేవాడు.

"వాని మెట్లకన్నా నాయి జాస్తి ఉండాలె. గేటు కాడ వాచ్‌మన్‌ను పెట్టు, జర దర్జాగుండాలె!"

అది విని తమ్ముడు ఫోన్ చేశాడు. "నాకు గూడ ఒకణ్ని పెట్టు సారూ."

వాచ్‌మన్‌ను శ్రద్ధగా గీశాను. అన్న పొట్ట, అన్న మీసం, మెడ కనిపించని ఆ తల. తమ్ముడి గేటు దగ్గర వాడికి లంకె పెట్టిన నకలును నిలబెట్టాను. ఆయన తిట్టిన ప్రతిసారీ ఒకడి పొట్ట కాస్త ముందుకు లాగేవాణ్ణి. పక్క గేటు దగ్గర కూడా పొట్ట పెరిగేది. చివరికి ఇద్దరి చేతా సలాం కూడా కొట్టించాను.

బొమ్మలు ఇద్దరికీ నచ్చాయి, నా ఉద్యోగం నిలిచింది. పెద్ద ఫ్లెక్సీ కొట్టించి స్థలం ముందు కట్టారు. అన్న తన పిట్టగోడ ఎత్తు చూసి తృప్తిపడ్డాడు.

"వాచ్‌మన్ మంచిగున్నడు. గట్టి మనిషి," అన్నాడు.

తమ్ముడు తన గేటు వైపు చూశాడు, అన్న వైపు చూశాడు, మళ్లీ గేటు వైపు చూశాడు. తర్వాత ఎవరికీ కనబడకుండా నా చెయ్యి గట్టిగా నొక్కాడు.