అమ్మ మంట

ఎమ్మెట్ క్లౌడ్ ముప్ఫై ఏళ్లలో పదకొండు తెగలకు జూదశాలల నమూనాలు గీసిపెట్టాడు. మొదటిది తన ఊళ్లోనే, అమెరికా ఆదివాసుల్లో ఒకటైన తన ఓజిబ్వే తెగకే. ఆ పనికి రెండే కట్టుబాట్లు: లోపల గడియారం ఉండకూడదు, బయటి వెలుతురు కనబడకూడదు. పొద్దెక్కిందని తెలిస్తే మనిషి లేచి ఇంటికి పోతాడు. ఎమ్మెట్ ఆ రెండూ పాటించి, స్తంభాలకు మాత్రం తమ అడవుల్లోని భూర్జ చెట్టు బెరడులాంటి తొడుగు వేయించాడు. పెద్దలు వాటిని నిమిరి చూసుకుని మురిసిపోయారు. ఊరికి ఆస్పత్రి వచ్చింది ఆ శాల పుణ్యానే.

జనవరిలో వాళ్లమ్మ ఫిలొమీన్ పోయింది. ఓజిబ్వేల్లో మనిషి పోతే వాకిట్లో మంట వేస్తారు, నాలుగు రోజులు ఆరనివ్వరు. పోయినవాళ్లు నడిచే దారికి అదే వెలుగు. మగవాళ్లు వంతులవారీగా కాస్తారు. మూడోనాటి పొద్దుటి వంతు తమ్ముడు డెల్బర్ట్‌ది.

ఎమ్మెట్ కట్టెల బండితో తిరిగొచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. మంట చోట బూడిద ఉంది. దాని మీద అప్పుడే మంచు పేరుకుంటోంది. కాపలా కుర్చీ ఖాళీ.

ఎక్కడ వెతకాలో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. డెల్బర్ట్ జూదశాలలో మూడో వరసన, బొమ్మలు తిరిగే జూదపు యంత్రం ముందు కూర్చుని ఉన్నాడు.

"మంట ఏదిరా?"

"మండుతోంది కదన్నా! వేళ్లు కొంకర్లు పోతుంటే కాఫీకని వచ్చాను. ఇప్పుడేగా!"

"ఇప్పుడేనా? పన్నెండు దాటింది."

"ఊరుకో అన్నా, నీ వేళాకోళం నువ్వూనూ. ఎనిమిదిన్నర కూడా అయ్యుండదు."

బయటి వెలుతురు చూపిద్దామని ఎమ్మెట్ చెయ్యెత్తాడు. ఎటు తిప్పినా గోడే. తను గీసిన గోడే. ఎత్తిన చెయ్యి అలాగే కాసేపు ఉండిపోయింది. ఆ చెయ్యి చూసేసరికి డెల్బర్ట్ ముఖం పాలిపోయింది.

మంట మళ్లీ వేశారు. ఊరి పెద్ద చిటికెడు పొగాకు అందులో వేసి, మెల్లగా ప్రార్థించాడు. డెల్బర్ట్‌ను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. మేనత్త వేడి వేడి అడవిబియ్యపు జావ గిన్నె అతని చేతుల్లో పెట్టి, వేళ్లు దాని చుట్టూ ముడిచింది. అతను తాగలేదు.

"అన్నా, అమ్మ ఎక్కడ ఆగిపోయుంటుంది?" అన్నాడు. ఆ తర్వాత కూడా ఎప్పుడు కలిసినా అదే అడిగేవాడు.

వసంతంలో శాలను పెంచాలని తెగ మండలి అనుకుంది. ఎమ్మెట్ కొత్త నమూనా పట్టుకెళ్లాడు. తూర్పు గోడ నిండా కిటికీలు.

మండలి పెద్ద ఆర్లిస్, వరసకు అక్క, కళ్లజోడు పైకి తోసింది. "ఏరా ఎమ్మెట్, ముప్ఫై ఏళ్లు ఊరూరా గోడలు కట్టి, ఇవాళ మాకు కన్నాలు పెడతానంటావా?"

అందరూ నవ్వారు. ఎమ్మెట్ నవ్వలేదు. "మా అమ్మ మంట ఆరిపోయిందక్కా."

నవ్వు ఆగింది. ఆర్లిస్ గొంతు తగ్గించింది. "తెలుసు నాయనా. మీ అమ్మ, మా పిన్ని, మూడేళ్లు ఎక్కువ బతికింది కూడా ఆస్పత్రిలో రక్తం శుభ్రం చేసే ఆ యంత్రం మీదే. అది నడిచేది ఈ గోడలు తెచ్చే డబ్బుతోనే. పద్నాలుగు మంది కూర్చుంటున్నారు దాని దగ్గర. వాళ్లకేం చెప్పమంటావు?"

చేతులు ఎత్తించారు. ఐదుగురు వద్దన్నారు, ఇద్దరు సరేనన్నారు. ఎమ్మెట్ కాగితాలు చుట్టుకుని ఇంటికొచ్చి, మళ్లీ ఏ శాలా గీయలేదు. ఆ గోడలు వేరే ఎవరో గీశారు.

అప్పటినుంచి ఊళ్లో ఎవరి మంట వెలిగినా, ఆ నాలుగు రోజులూ ఎమ్మెట్ కోటు వేసుకుని శాలకు వెళ్తాడు. కుర్చీ కుర్చీ దగ్గరా వంగి, "చిన్నమ్మా, పదకొండైంది. బయట మంచు పడుతోంది," అని చెబుతాడు. మొదట్లో కావలివాడు రెక్క పట్టుకుని బయటికి నడిపించేవాడు. ఇప్పుడు వాడే గుమ్మం దగ్గర కాఫీ చేతికిస్తాడు.

మొన్న చలికాలంలోనూ ఇచ్చాడు. "ఇవాళ ఎవరి మంట, తాతా?"

"మా డెల్బర్ట్‌ది," అన్నాడు ఎమ్మెట్. జేబుగడియారం చూసుకుని మొదటి కుర్చీ వైపు నడిచాడు.