నేను కనిపెట్టిన ఉడుకునీళ్ల బుగ్గ

నా పెండ్లిచూపులు ఎట్ల నీళ్లపాలయినయో చెప్త, వినుండ్రి. నవ్వుకుంటే నవ్వుకోండ్రి గాని తప్పు నాదని మాత్రం అనకుండ్రి. చెప్పేటోడు ఒక్కడు లేకుంటే నేనేం జేస్త?

అప్పుడు నేను బోధన్‌ల సైన్సు సార్‌ను. నాకు చూసిన పిల్ల సుగుణ, ఆమె ఫొటో చూసినకాడికెల్లి నిద్రలేదు. "గీ సంబంధం తప్పితే మల్ల నేను తిరుగ" అని బాపు ముందే చెప్పిండు. సలికాలం పొద్దుగాల, మా అక్క మొగుడు రాజన్న బావతోని నిజామాబాద్ అవతల బస్సు దిగి, చేన్లకెల్లి సుగుణోళ్ల ఊరికి నడుస్తున్న.

గట్టు కింద గుంత నిండ నీళ్లు, పొగలు కక్కుతున్నయి. నడుమ బంగారం రంగు, అంచుకు ఎరుపు, దాని అవతల ఆకుపచ్చ. ఎంత అందమనుకున్నరు!

"బావా, ఉడుకునీళ్ల బుగ్గ! భూమి లోపలి వేడికి నీళ్లు కాగి పైకి తన్నినయి. అంచుకు చల్లారినకొద్ది పాచి రంగు మారుతది. గందుకే గీ రంగులు!"

"ఊరోళ్లు ఎన్నడూ చెప్పలేదేందిరా?"

"వాళ్లకేం తెలుసు? గీ నీళ్లల్ల మునిగితే మొఖం నిగనిగలాడుతది."

నా ముక్కు పడిశంతోని మూసుకపోయింది, బావ ముక్కు నశ్యంతోని. రెండు ముక్కులుండి ఒక్కటీ అక్కరకు రాలే.

మునిగి లేచిన. "ఓరి నాయినో, పచ్చగయినవురా!" అని బావ మొత్తుకున్నడు. సంచిలకెల్లి సబ్బు తీసి రుద్దుకున్న. ఎర్రగయిన, కడుక్కుంటే మల్ల పచ్చగనే! పసుపుకు సబ్బు తగిలితే ఎర్రగయితదని క్లాసుల చెప్పేది నేనే. చదవేస్తే ఉన్న మతి పోయిందంటరు, నాకు ఉన్న రంగు పోయింది.

గట్టెక్కి చూస్తే పెద్ద కడాయి, పక్కన ఉడికిన పసుపుకొమ్మల కుప్ప. ఉడకబెట్టిన నీళ్లు గుంతల పారబోసిండ్రు, పొయ్యి బూడిద అంచుకు పోసిండ్రు. సబ్బు లెక్కనే బూడిద తగిలి పసుపు ఎర్రగయింది, ఆకుపచ్చదేమో ఉత్త గడ్డి. గట్లెవలన్న పోస్తరా? మనుషులు నడిచే తొవ్వ గాదా అది?

తిరిగి పోదామంటే సుగుణ ఫొటో కండ్ల ముందే ఉన్నది. పోయిన.

"అయ్యో, పిల్లగానికి కామెర్లు!" అన్నది సుగుణ నాయినమ్మ.

"కామెర్లు గాదవ్వా, ఇంకోకాడ నలుగు పెట్టించుకోని వచ్చిండు!" అని సుగుణ బాపు లేచి నిలబడ్డడు. "పెండ్లికొడుకయినోనికి మా పిల్లెందుకు? నడువుండ్రి!"

నాకు ఒళ్లు మండింది. "ఏ నలుగు మామా? కడాయి నీళ్లు గట్టు కింద గుంతల పోసినోన్ని అడుగుండ్రి! బుద్ధున్నదా వానికి?"

ఆయన నోరు తెరిచిండు. "గా కడాయి... మాదే."

తలుపు వెనుకకెల్లి సుగుణ కిసుక్కున నవ్వింది. "పసుపు మనింటిదే బాపూ, పూసుకున్నోడు నడుచుకుంట వచ్చిండు. ఇగ ముహూర్తమొక్కటే గద పెట్టేది!"

పెట్టిండ్రు. పెండ్లినాడు నలుగుకు కూసోమంటే "నాది ఎప్పుడో అయింది" అని మొండికేసిన.

అగ్నిసాక్షిగ ఇంకో ఒట్టు కూడ పెట్టుకున్న. భూమి ఎన్ని రంగుల పొగలు కక్కినా, గట్టు అవతల చూడంది నీళ్లల్ల కాలు పెట్ట. అంతగనం ముచ్చటయితే, మొదలు బావను ముంచుత.