గాలికి పిర్ర పెట్టిన పొలం

నేను సిడ్నీకి వచ్చింది ప్రపంచాన్ని కాపాడటానికి. నన్ను పంపిన కన్సల్టెన్సీ వాడు అలాగే చెప్పాడు. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ మళ్లీ పంతొమ్మిది వందల దగ్గరికి వెళ్లిపోతాయనీ, విమానాలు రాలిపోతాయనీ జనం భయపడుతున్న రోజులవి. దానికి మిలీనియం బగ్ అని, అంటే పురుగని, పేరు పెట్టారు. గుంటూరులో ఆరు నెలలు కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష నేర్చుకున్న నన్ను తీసుకొచ్చి పరమట్టాలో ఒక బీమా కంపెనీలో కూర్చోబెట్టారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా, సంవత్సరం రెండంకెల్లో ఉన్నచోట నాలుగంకెలు పెట్టడమే పని. ప్రపంచాన్ని కాపాడటం అంత విసుగ్గా ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

నా పక్క సీటులో హైదరాబాదు మలక్‌పేట నుంచి వచ్చిన ముస్లిం మిత్రుడొకడు ఉండేవాడు. నాకు క్వేకర్స్ హిల్‌లో గది చూపించింది అతనే.

"ఓనర్ ఐరిష్ ముసలాయన భాయ్. కండ్లు సరిగ కనబడవు, నోరు మాత్రం మస్తు నడుస్తది. నువ్వు పోపు పెట్టినా కంప్లైంట్ చెయ్యడు. ముక్కు గూడ పని చేస్తలేదనుకుంట."

ముక్కు బాగానే పనిచేసేది. ఇంగువ వాసన రాగానే వంటింట్లోకి వచ్చి, "ఇవాళ ఏం చచ్చింది?" అని అడిగి, ప్లేటు పట్టుకుని కూర్చునేవాడు. డెబ్బై అయిదు దాటిన మనిషి. ఐర్లండ్‌కి నైరుతి మూలన, సముద్రంలోకి చొచ్చుకుపోయిన డింగిల్ ద్వీపకల్పంలో పుట్టి, కుర్రతనంలోనే ఆస్ట్రేలియాకి వచ్చి, నలభై ఏళ్లు రోడ్లు వేశాడు. పెళ్లి చేసుకోలేదు. మొదటి రోజు మర్యాదకి "అంకుల్" అన్నాను. "మీ నాన్నకి నేను తమ్ముణ్ణని నాకెవరూ చెప్పలేదే!" అన్నాడు. ఆ తర్వాత పిలుపు లేకుండానే మాట్లాడుకున్నాం.

ఒక శనివారం ఆయనకి ఐర్లండ్ నుంచి ఒక మ్యాపు వచ్చింది. టూరిస్టుల కోసం వేసింది. ఎవరో మేనల్లుడు పంపాడు. భూతద్దం పెట్టుకుని అరగంట చూసి, దాన్ని నేలకేసి కొట్టాడు.

"సగం పేర్లు తప్పు. మిగతా సగం లేనే లేవు. మా బాబాయి తాగి పడ్డ రాయి ఏది? బోడి మ్యాపు!"

అప్పుడు తెలిసింది నాకు, ఆయన ఊళ్లో ప్రతి పొలానికీ ప్రతి రాతికీ ఒక పేరుందని. అవన్నీ ఆయన తలలో ఉన్నాయి. కాగితం మీద లేవు. ఐరిష్ ఆయనకి మాట్లాడటమే వచ్చు. పన్నెండేళ్లకే బడి మానేశాడు, రాయడం అబ్బలేదు.

"నువ్వు కంప్యూటర్‌వాడివి కదా. నేను చెప్తాను, నువ్వు కొట్టు."

కొట్టాను. ఇంగ్లీషు అక్షరాల్లో, వినపడింది వినపడినట్టు. మర్నాడు చదివి వినిపిస్తే ఆయన ముఖం చిట్లించాడు.

"అది పొలం పేరు కాదు. ఎవడో తుమ్మాడు."

మూడు రోజులు అలాగే తుమ్మాను. నాలుగో రోజు విసుగొచ్చి, పెన్సిలు తీసుకుని నోటుపుస్తకంలో తెలుగులో రాసుకున్నాను. ఆయన 'త' అంటే అచ్చంగా మన 'త'. ఇంగ్లీషువాళ్ల 'ట' కాదు. 'ద' కూడా మనదే. దీర్ఘాలు దీర్ఘాల్లా సాగుతున్నాయి. గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టు వచ్చే ఒక్క శబ్దం మాత్రం మనకి లేదు. దానికి 'ఖ' కింద చుక్క పెట్టుకున్నాను. మర్నాడు టీ తాగుతుండగా చదివాను.

"తోన్ లె గీ. పౌల్ దువ్. దూన్ బెగ్."

ఆయన కప్పు కింద పెట్టాడు. "మళ్లీ చదువు" అన్నాడు. మళ్లీ చదివాను. "మా అమ్మ పిలిచినట్టుంది" అన్నాడు. వెంటనే సిగ్గుపడి, "మా అమ్మ గొంతు నీకంటే మగతనంగా ఉండేదిలే" అని సర్దుకున్నాడు.

ఆ చలికాలమంతా శనాదివారాలు అదే పని. ఆఫీసులో అందరూ జావా అనే కొత్త కంప్యూటర్ భాష నేర్చుకుంటున్నారు.

"ఏం భాయ్, యాభై ఏండ్ల కింద పండిన ఆలుగడ్డల పొలాల పేర్లు రాస్కుంట కూసున్నవా?" అన్నాడు మిత్రుడు. "డిసెంబర్ అయిపోతే కోబాల్ ఖతమ్. అప్పుడు ఇంటర్వ్యూల ఆ పొలాల పేర్లే చెప్తవా?"

అతను చెప్పింది నిజమే. కానీ ఆ పేర్లు బావుండేవి. పౌల్ దువ్ అంటే నల్ల గుంట. దూన్ బెగ్ అంటే చిన్న కోట. కొండ అంచున ఉంది, ఏడాదికి కొంచెం సముద్రంలోకి జారిపోతోంది. తోన్ లె గీ అంటే గాలికి పిర్ర పెట్టిన చోటు. నిలబడితే గాలి వెనక నుంచి అలాగే కొడుతుందిట. ఇంత మర్యాద లేని పేరు మా జిల్లాలో పెట్టి ఉంటే పంచాయితీ వాళ్లు ఎప్పుడో ఏ నాయకుడి పేరో పెట్టి మార్చేసేవాళ్లు.

పాత కట్టడాల మీద ఆయనకి భక్తి లేదు. గాలరస్ అనే చోట ఒక రాతి గుడి ఉంది. బోర్లించిన పడవలా ఉంటుంది, సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టారు, ఇప్పటికీ చుక్క నీరు కారదు. ఆ పేరుకి అర్థమేమిటని అడిగాను.

"ఒక ప్రొఫెసరు పరాయివాళ్ల సత్రం అన్నాడు. ఇంకొకడు సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాళ్ల కొమ్ము అన్నాడు. ఇద్దరూ మా నాన్న దగ్గర టీ తాగి వెళ్లారు. ఒక్కడూ కప్పు కడగలేదు."

అంచుల మీద గాట్లు పెట్టి అక్షరాలు చెక్కిన పాతకాలపు రాళ్లు కూడా ఉన్నాయిట అక్కడ. వాటి మీద ఏముందని ఆశగా అడిగాను. "ఫలానావాడి కొడుకు ఫలానావాడు" అన్నాడు. అంతేనా అన్నాను. అంతే. అంత కష్టపడి రాయి చెక్కి చివరికి రాసింది తండ్రి పేరు. మా బీమా ఫారాల్లోనూ అదే కాలమ్ ఉంది.

తేనెపట్టులా గుండ్రంగా ఉండే రాతి గుడిసెల సంగతి వచ్చేసరికి మాత్రం ఆయన గొంతు మారింది. పూర్వం సన్యాసులు వాటిలో ఉండి తపస్సు చేశారని చెబుతారు. ఆయన ఇంటి వెనక దిబ్బ మీదా ఒకటి ఉంది.

"దాని పేరు రాసుకో. క్రో న మిక్యె. పంది కొట్టం. మా తాత కట్టాడు. పంది కోసం. నేను చూశాను ఆ పందిని."

ఆయన చెల్లెలు ఆ ఇంట్లోనే ఉంటోంది. పదకొండేళ్ల కిందట ఆ కొట్టం ముందు 'సన్యాసి గూడు, అతి పురాతనం' అని బోర్డు పెట్టి టూరిస్టులకి చూపించడం మొదలుపెట్టింది. ఈయన ఇక్కణ్ణుంచి అక్కడి పత్రికకి ఉత్తరం రాయించాడు, అది మా తాత పంది కొట్టం అని. పత్రికవాళ్లు వేశారు. అప్పటి నుంచీ అన్నాచెల్లెళ్లకి మాటల్లేవు.

పేర్లు రెండు వందలు దాటాక ఆయనకి అడ్డం పడింది. కొన్ని చోట్లు కళ్ల ముందు కనబడుతున్నాయి, పేరు మాత్రం రావడం లేదు. అలాంటి చోట నేను 'తెలీదు' అని రాసుకున్నాను. అవి తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది.

"నువ్వు ఫోన్ చెయ్యి" అన్నాడు. "నేను ఇంట్లో లేనని చెప్పు."

ఒక శనివారం సాయంత్రం, అక్కడ పొద్దున, నేను ఇంటికి మాట్లాడే ఫోన్ కార్డు గీకి నంబరు కొట్టాను. ఇంట్లో లేని మనిషి నా పక్కనే సింకు దగ్గర నిలబడి, ఒకే కప్పుని పావుగంట కడిగాడు.

ముసలి గొంతు పలికింది, సింకు దాకా వినపడేంత గట్టిగా. నేను సిడ్నీ నుంచి, కంప్యూటర్ ప్రోగ్రామర్‌ని, అని మొదలుపెట్టాను.

"నాకు కంప్యూటర్ లేదు. ఆవు ఉంది. దానికేం పురుగు పట్టదు" అంది ఆవిడ. పెట్టేయబోతోందని అర్థమై, ఏం చెయ్యాలో తోచక నోటుపుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టాను.

"తోన్ లె గీ. పౌల్ దువ్..."

ఆవిడ పెట్టేయలేదు. తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

"ఎవరింటివాడివి నువ్వు?"

"చీరాల అండీ."

"చీరాల... అది కొండకి ఏ పక్క?"

తూర్పు పక్క అన్నాను. అబద్ధం కాదు.

ఇక ఆగలేదు ఆవిడ. నేను చదవడం, ఆవిడ దిద్దడం. ఆ ఊపులో కళ్లు గీతల వెంట పరిగెడుతూ, ఖాళీ చోట రాసుకున్నది కూడా పైకి చదివేశాను. "తెలీదు."

"తెలీదు!" అంది ఆవిడ సంతోషంగా. "పడవల రేవు పక్కన నల్లరాయి. మా నాయనమ్మ అనేది. ఎన్నేళ్లయిందో విని!"

నేను తలెత్తి పెద్దాయన వంక చూశాను. ఆయన కప్పు పట్టుకుని తలూపుతున్నాడు. "ఆ, తెలీదు. అదే అదే. ఇన్నాళ్లూ నాలిక చివరే ఉంది."

అది తెలుగండీ అని చెప్పాలి. నోరు తెరిచాను. ఇద్దరు ముసలివాళ్లు రెండు ఖండాల్లో ఒకేసారి అంత ఆనందపడుతుంటే నోరు మూసుకున్నాను. పిరికితనమే. తర్వాత ఆవిడ ఈ పేర్లన్నీ చెబితే ఆ ఊరి బడిపిల్లలు వేసిన మ్యాపులో రేవు పక్కన ఆ పేరు ఎక్కింది. అక్కడి స్పెల్లింగులో నాలుగు అక్షరాలు పలకవు.

నాలుగో శనివారం పంది కొట్టం దాకా వచ్చాం. దాటేద్దామని పేజీ తిప్పబోయాను. పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నాడు. చదివాను.

"క్రో న మిక్యె."

"ఆ పేరు లేదు" అంది ఆవిడ చల్లగా. "సన్యాసి గూడు అని రాసుకో."

"రాసుకోకు!" అని అరిచాడు ఇంట్లో లేని మనిషి.

ఫోన్లో ఊపిరి వినపడింది. తర్వాత ఐరిష్‌లో ఏదో ఒక్క మాట. ఆయన నా చేతిలోంచి రిసీవర్ లాక్కున్నాడు. అక్కణ్ణుంచి ఏం జరిగిందో నాకు అర్థం కాలేదు. ఒక్క 'మిక్యె' మాత్రం పదిసార్లు వినపడింది. ఆయన ముఖం ఎర్రబడింది, చెవులు ఎర్రబడ్డాయి, ముక్కులోంచి నీళ్లు కారాయి, అవి కోపానివో మరి దేనివో. కార్డు అయిపోతోందని బీప్ వస్తే నా జేబు వైపు చెయ్యి చాచాడు. రెండో కార్డు ఇచ్చాను. అది నేను మా ఇంటికి మాట్లాడదామని కొనుక్కున్నది. నేను వెళ్లి అన్నం పెట్టుకున్నాను. తిని, గిన్నెలు కడిగి వచ్చేసరికి ఆయన నవ్వుతున్నాడు. ఆ పందికి ఒక పేరుండేదని ఆవిడ గుర్తు చేసిందిట.

రెండు వేల సంవత్సరం వచ్చింది. విమానాలేమీ రాలలేదు. రాలింది నా ఉద్యోగం. మిత్రుడు జావా నేర్చుకున్నవాడు కాబట్టి డార్విన్‌లో ఒక ఆసుపత్రి కంప్యూటర్ల పని సంపాదించుకుని వెళ్లిపోయాడు. నేను రెండు నెలలు ఖాళీగా ఉండి, పరువు పక్కన పెట్టి, జావా పుస్తకం కొన్నాను. ఆ రెండు నెలల అద్దె గురించి పెద్దాయన ఎత్తలేదు.

అదే ఏడాది వసంతంలో ఆవిడ సిడ్నీ వచ్చింది. పొట్టిగా, గట్టిగా, నల్ల బూట్లు వేసుకుని ఉంది. నన్ను చూసి, "ఓ, అంత దూరపు తూర్పా!" అంది. ఒక ఆదివారం ఇద్దరినీ కారులో హెలెన్స్‌బర్గ్ గుడికి తీసుకెళ్లాను. అడవి మధ్యలో తెల్లటి గోపురం చూసి ఆవిడ ఎంత పాతది అని అడిగింది. నేను బడికి వెళ్లే రోజుల్లో కట్టారు అన్నాను.

"మా పంది కొట్టం దీనికంటే పాతది" అంది గర్వంగా. అన్నయ్య ఆవిడ వంక తిరిగాడు. ఏమన్నదో ఆవిడకి అప్పుడు తట్టింది. "పంది కొట్టం అన్నది నువ్వే సుమా, నేను వినలేదు" అన్నాడాయన, చాలా మర్యాదగా.

క్యాంటీన్లో పులిహోర తింటూ ఆవిడ, వడ్డిస్తున్న తెలుగు అంకుల్‌ని ఈ కొండ పేరేమిటని అడిగింది.

"కొండా? అది టెంపుల్ వెనకాల, మేడమ్. కార్లు ఎక్కువైన రోజు పెట్టుకునే ఓవర్‌ఫ్లో పార్కింగ్."

"అంతకు ముందు?"

ఆయనకి తెలియదు. నన్ను చూశాడు. నాకూ తెలియదు. రెండు వందల ఐరిష్ పేర్లు నోటికి వచ్చు, ఆ కొండని మొదటి నుంచీ చూసిన ఇక్కడి ఆదివాసులు ఏమని పిలిచారో ఒక్క మాట రాదు. అడగాలని కూడా అప్పటిదాకా తోచలేదు. ఆవిడ సంచిలోంచి చిన్న పుస్తకం తీసి, ఓవర్‌ఫ్లో పార్కింగ్ అని రాసుకుని, దాని కింద ఒక గీత ఖాళీ వదిలింది. తర్వాత పులిహోర ఇంకొంచెం పెట్టమంది.