నేను తట్టలేదని చెప్పిన రోజు

పోటీకి ముందు బరువు దించుకోవడం మాకు అలవాటే. ఉడుకునీళ్ళలో కూర్చుని, దుప్పట్లు కప్పుకుని, నాలుక పిడచకట్టేదాకా చెమటోడ్చి కాటా ఎక్కుతాం. అలా ఎన్నోసార్లు దించాను. ఒక్కటి మాత్రం ఏళ్ళు గడిచినా దిగలేదు. మా ఇంట్లో వాళ్ళకి తెలియదు. నా దగ్గర నేర్చుకునేవాళ్ళకి తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నానేమో.

నా పేరు వద్దు. మదనపల్లెలో మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ నేర్పుతాను. గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ కలిసిన ఆట అది. చుట్టూ ఇనుప జాలీ కట్టిన కేజ్‌లో ఆడతాం. టైటిల్ పోగొట్టుకున్నవాడు గోడకి కొట్టిన బంతిలా ఎలా తిరిగొచ్చాడో చెప్పమని నన్ను కాలేజీలకి పిలుస్తుంటారు. వెళ్తాను, చెప్తాను. చప్పట్లు కొడతారు. ఆ కథలో ఒక్కచోట మాత్రం గబగబా దాటేస్తాను.

ఛాంపియన్‌కిచ్చే ఆ బెల్టు పోయింది బెంగళూరులో. అప్పటికది నా దగ్గరే ఉంది, నిలుపుకుంటే చాలు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, మా స్నేహితులు పోటీకి ముందే బస్టాండు దగ్గర అభినందనల ఫ్లెక్సీ కట్టేశారు. నేనేమో మొదటి రౌండులోనే గడ్డం మీద దెబ్బ తిని నేల కరిచాను. ఆ ఫ్లెక్సీని విప్పే ధైర్యం ఎవరికీ లేక, గాలికి చిరిగేదాకా అది అక్కడే వేలాడింది. అందులో నేను నవ్వుతూనే ఉన్నాను.

సొంతూరు పుంగనూరుకి వెళ్ళిపోయి అమ్మ ఆవుల దగ్గర పడ్డాను. పేడ ఎత్తడం, పాలు కేంద్రంలో పోసి రావడం. అందరూ సిగ్గుపడుతున్నానని అనుకున్నారు. సిగ్గు కాదు, భయం. ఎవరైనా పలకరింపుగా చెయ్యెత్తినా నా తల దానంతటది పక్కకి తిరిగేది. దెబ్బకి భయపడే ఫైటర్‌ని నేను. ఈ మాట కూడా ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఒక్కడికి మాత్రం చెప్పకుండానే తెలిసింది.

వాడు మునెప్ప. కుప్పం వాడు. మదనపల్లె టమాటా మార్కెట్‌లో బాక్సులు మోస్తూ సాయంత్రాలు నా దగ్గర నేర్చుకునేవాడు. నా ఫోన్ మోగడం మానేసిన రోజుల్లో వాడు మార్కెట్ పని కాగానే బస్సెక్కి పుంగనూరు వచ్చేవాడు. గుద్దులు వద్దులేన్నా, ఊరికే పట్లు పడదాం అనేవాడు. కొట్టంలో వరిగడ్డి పరిచి దాని మీద కుస్తీ పట్టేవాళ్ళం. మెడకి చెయ్యి వేసి బిగించేవాడు, నేను ఇలా తట్టగానే వదిలేసేవాడు. మా ఆటలో తట్టడమంటే ఓటమి ఒప్పుకోవడం. ఇక తట్టుకోలేనివాడు అవతలివాడి ఒంటి మీద అరచేత్తో కొడతాడు. తట్టిన మరుక్షణం వదిలెయ్యాలి, ఆలోచించకూడదు అని వాడికి నేర్పింది నేనే. నిజం పోటీలో మాత్రం రెఫరీ వచ్చి విడదీసేదాకా పట్టు వదలకూడదని కూడా చెప్పాను. కానీ ఒళ్ళు రోజూ చేసిందే నేర్చుకుంటుంది. చెప్పింది కాదు. నేను ఎంత మెత్తగా తట్టినా వాడు వదిలేవాడు. అందుకే నాకు వాడి చేతుల్లో భయం పోయింది. మెల్లగా గుద్దులకీ అలవాటు పడ్డాను. నన్ను లేపింది వాడే. కాలేజీల్లో నేను చెప్పేది మాత్రం పట్టుదల గురించి.

తర్వాత మునెప్ప కుప్పం తిరిగి వెళ్ళి, రైల్లో బెంగళూరు వెళ్ళొస్తూ అక్కడ తయారవసాగాడు. నాకు మళ్ళీ ఒక పోటీ దొరికింది. గెలిస్తే బెల్టు కోసం ఇంకో అవకాశం, ఓడితే ఇక ఎవరూ పిలవరు. చివరి నిమిషంలో అవతలివాడికి దెబ్బ తగిలి తప్పుకుంటే, నిర్వాహకులు వాడి బదులు మునెప్పని పెట్టారు. వాడికీ అది పెద్ద అవకాశమే. ఇద్దరం కాదనలేకపోయాం. వాడే ఫోన్ చేసి, కొట్టంలో ఆడినట్టే ఆడదాంలేన్నా అని నవ్వాడు.

రెండో రౌండులో వాడు నన్ను జాలీకి అదిమి మెడ పట్టాడు. ఆ పట్టు నేను నేర్పిందే. నా ఒక చెయ్యి కింద ఇరుక్కుంది. రెండోది వాడి పక్కటెముకలకీ జాలీకీ మధ్య ఉంది. కళ్ళు మసకబారుతున్నాయి. తట్టాను. రెండుసార్లు, వాడి పక్కటెముకల మీద.

వెంటనే వదిలేశాడు.

రెఫరీ అటుపక్క ఉన్నాడు. వాడి వీపు తప్ప ఆయనకి ఏమీ కనబడలేదు, కెమెరాకీ అంతే. మునెప్ప మోకాళ్ళ మీద లేచాడు. అయిపోయిందనుకున్నాడు. నన్ను పైకి లేపడానికి చెయ్యి చాచాడు. రెఫరీ ఆపలేదని నాకు అర్థమైంది. బెంగళూరులో నేనెక్కడ దెబ్బ తిన్నానో సరిగ్గా అక్కడే, వాడి గడ్డం మీద కొట్టాను. వాడు పడిపోయాడు. నా చెయ్యి పైకెత్తారు.

ఓడిపోయి తట్టానా, లేక వాడు వదిలేస్తాడని తెలిసి తట్టానా? ఏళ్ళుగా నన్ను నేనే ప్రశ్నించుకుంటున్నాను. ఊపిరాడనివాడికి అంత లెక్క ఎక్కడుంటుందని ఒకరోజు సర్దిచెప్పుకుంటాను, ఆ లెక్క కొట్టంలోనే నా ఒంటికి ఎక్కిపోయిందేమోనని ఇంకోరోజు వణుకుతాను, ఏదైతేనేం, గుద్దినప్పుడు మాత్రం పూర్తిగా తెలివిలోనే ఉన్నానని చివరికి ప్రతిసారీ అక్కడికే వచ్చి ఆగుతాను. అది కూడా అసలు తప్పు కాదు. అసలు తప్పు తర్వాత చేశాను.

బట్టలు మార్చుకునే గదిలోకి వాడు వచ్చాడు. గడ్డం వాచి ఉంది. తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"అన్నా, ఒకటి అడుగుతా, కోపం సేసుకోవద్దు. నువ్వు తట్టినావు గదా?"

"లేదప్పా. చెయ్యి జారి తగిలుంటాది. నేను యాల తడతాను?"

వాడు తన చేతుల వైపు చూసుకున్నాడు.

"అట్లనా. అయితే నాకే అట్ల అనిపించిండాది. నేనే తొందరపడి వదిలేసినా. ఏమనుకోవద్దన్నా."

తప్పు నాది. ఏమనుకోవద్దన్నది వాడు. అప్పుడైనా నోరు తెరిచి ఉండొచ్చు. గదిలో ఇద్దరమే ఉన్నాం. నేను వాడి భుజం తట్టి, బాగా ఆడినావులే అన్నాను.

ఆ తర్వాత బెల్టు మళ్ళీ గెలిచాను. ఆ పోటీలో ఏ మోసమూ లేదు. కానీ దానికి మెట్టు మునెప్ప.

పోయిన నెల కుప్పంలో ఒక కాలేజీకి పిలిచారు. ఓటమి నుంచి లేవడం గురించి మాట్లాడుతుంటే చివరి వరసలో వాడు కనిపించాడు. గ్రానైట్ పాలిష్ చేసే షెడ్డు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, జుట్టంతా తెల్లటి రాతిపొడి. మా గురువని పక్కవాళ్ళకి నన్ను చూపిస్తున్నాడు. దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. అక్కడే మాట తడబడి, నీళ్ళు తాగి, మళ్ళీ అదే పట్టుదల కథ అందుకున్నాను.

తర్వాత టీ తాగడానికి తీసుకెళ్ళాడు. డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు. వాడు ఆట మానేశాడని ఎప్పుడో విన్నాను, ఎందుకని మాత్రం అడగలేదు. అడిగే మొహం నాకు లేదు. టీ కొట్టాయనే అడిగాడు, ఈయన శిష్యుడివంటున్నావు, మరి నువ్వెందుకు ఆడటం లేదని. మునెప్ప ఏ బాధా లేనట్టే చెప్పాడు.

"నా సేతులు నన్నే మోసం సేసినాయిప్పా. తట్టకపోయినా తట్టినట్టు అనిపించె. సెయ్యి సెప్పేది నమ్మలేనోడు ఆ ఆట ఆడకూడదు."



నేను వాడి గెలుపు ఒక్కటే తీసుకున్నానని అనుకుంటూ వచ్చాను. అది తీసుకున్నా ఏదో ఒకరోజు ఇంకో గెలుపు దొరికేది వాడికి, నాకంటే మంచి ఆటగాడు. వాడి ఒంటి మీద వాడికున్న నమ్మకాన్ని తీసేశాను. భయంతో నా తల పక్కకి తిరిగే రోజుల్లో, నా ఒంటి మీద నమ్మకాన్ని నాకు గడ్డి మీద కూర్చుని తిరిగిచ్చినవాడు వాడు. వాడికి నేనిచ్చింది ఇది.

అక్కడైనా చెప్పానా? లేదు. మోటార్ సైకిలెక్కి వి.కోట, పుంగనూరు మీదుగా మదనపల్లె వచ్చేశాను. దారంతా హెల్మెట్‌లో నాతో నేనే ఆ మాట అనుకుంటూ వచ్చాను. పైకి రాలేదు.

మీరు నన్ను క్షమించాలని అడగడం లేదు. ఆ హక్కు మీకు లేదు, అడిగే హక్కు నాకూ లేదు. ఈ మాట మీ దగ్గర పైకి వస్తే కుప్పంలో కూడా వస్తుందేమోనని ఒక ఆశ. వాడు వింటే ఏం చేస్తాడో తెలియదు. మళ్ళీ కేజ్ ఎక్కే వయసు వాడికి దాటిపోయింది. అయినా తెలియాలి.

తట్టాను. మునెప్ప చెయ్యి వాడికి చెప్పింది నిజమే. అబద్ధమాడింది నేను.