ఒర లేకుండా వచ్చిన బాకు

మా మేనత్త పోయిందని ఉదయగిరి నుంచి ఫోను వచ్చేసరికి నేను ఆత్మకూరు మార్కెట్లో కాయగూరలు కొంటున్నాను. "నిద్దర్లోనే పోయినాదమ్మా, మాకెవురికీ తెలవలా" అని అక్కడి పక్కింటావిడ ఏడ్చింది. ఇంటికి పరుగెత్తుకొచ్చి మా నాయనకు చెప్పాను. అక్క పోయిందని విన్నా ఆయన కంట నీరు రాలేదు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ "ఆ బాకు ఏడ పెట్టిందో" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఏడాదిగా అక్కాతమ్ముళ్లిద్దరికీ మాటల్లేవు. కారణం ఆ బాకే.

అత్త గవర్నమెంటు ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. గడప తొక్కిన వాళ్లెవరైనా సరే, కూర్చోమనే ముందే కంటి కింద రెప్ప లాగి చూసేది. "రగతమే లేదు, ఏం తింటన్నావు నువ్వు?" అని గదిమేది. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు లీవు పెట్టి మా ఇంట్లోనే ఉండిపోయింది. నేను కోలుకుని బువ్వ తిన్నానంటే ఆ చేతుల చలవే. "పుండును చూసి మొహం తిప్పుకుంటే అది లోపలికి పోతాది" అని ఆమె ఎప్పుడూ అనేది. ఆ మాట ఆస్పత్రికే పరిమితమనుకునేదాన్ని.

బాకు మా తాతది. ఆయన రెండో ప్రపంచయుద్ధంలో పటాలంలో చేరి జావా దీవి దాకా వెళ్లాడు. తిరిగొచ్చేటప్పుడు దాన్ని తెచ్చాడు. పాము పాకినట్టు వంకరలు తిరిగిన బాకు. జావా రాజొకడు తాత ధైర్యానికి మెచ్చి బహుమానమిచ్చాడని నాయన ప్రతి క్రిస్మస్‌కూ చుట్టాలందరికీ చెప్పేవాడు. మా ఇంట్లో బైబిలు వాక్యం తర్వాత అదే వాక్యం.

గోడకు వేలాడి వేలాడి అది తుప్పుపట్టింది. చూడలేక అత్త ఉదయగిరికి తీసుకెళ్లింది. ఆదివారాలు చర్చి అయ్యాక నేనూ వెళ్లేదాన్ని. అత్త మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని వరండాలో కూర్చునేది. జావాలో ఇలాంటివి ఎలా శుభ్రం చేస్తారో నేను ఫోనులో చూసి చెబితే, అలాగే కొబ్బరినీళ్లలో నానబెట్టి, నిమ్మరసం పోసి పాత టూత్‌బ్రష్‌తో రుద్దేది. చివర్లో ఇనుము నల్లబడటానికి వాళ్లు పాషాణం పూస్తారన్నాను. "నా ఇంట్లో పాషాణమా? నూనె చాల్లే" అన్నది. తుప్పు పోయాక ఇనుములో వెండి గీతలు బయటపడ్డాయి. కోసిన చెక్కలో చారల్లాగా అలలు అలలుగా ఉన్నాయి. "ఎవురో శానా ఓపికగా చేసినారే దీన్ని" అని అత్త కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది.

చెక్క పిడిని మెల్లగా తిప్పితే ఊడి వచ్చింది. పిడిలోకి దూరే ఇనప కొసకు గుడ్డపేలిక చుట్టి ఉంది. గోధుమరంగు మీద చిన్న చిన్న పూలు. అత్త చేయి ఆగిపోయింది.

"కట్టు కట్టినట్టుండాది చూడు" అన్నది. బాకును కడిగింది గానీ ఆ గుడ్డను మాత్రం తడపలేదు.

జావాలో ఇలాంటి బాకులు బాగుచేసే ఒకాయనకు ఫోటోలు పంపాను. ఆయన ఒక్కో భాగం గురించీ రాశాడు. బాకు చాలా పాతది, పిడి తర్వాతి కాలానిది, పిడి కింద ఇత్తడి ఉంగరంలో రాళ్లు రాలిపోయాయి, పిడి కదలకుండా ఇంట్లోవాళ్లు తమ పాత బట్టే చుడతారు. తండ్రి నుంచి కొడుక్కు వచ్చే వస్తువు ఇది, ఏటేటా కడుగుతారు అని రాసి, చివర్న ఒకటడిగాడు: "దీని ఒర ఏది?"

చదివి వినిపించాక అత్త బాకును ఒళ్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"బహుమానం ఇచ్చేవాడు ఒర లేకుండా ఇస్తాడా?" అన్నది.

ఆ తర్వాతి ఆదివారం నాయన్ని పిలిపించి ఆ మాటే చెప్పింది. నాయన లేచి నిలబడ్డాడు.

"చచ్చిపోయిన నాయన్ని దొంగను చేస్తన్నావా అక్కా?"

"దొంగంటన్నానా? కోడిని కొయ్యాలన్నా పక్కింటోళ్లను పిలిచిన మనిషిరా ఆయన. యుద్ధంలో ఎందుకట్ట అయినాడో అడగాలంటే ఇప్పుడు లేడు."

"ఇంకోసారి ఈ మాటెత్తితే నీ గడప తొక్కను."

కాఫీ తాగకుండానే వెళ్లిపోయాడు. అన్నంత పనీ చేశాడు.

బాకును సొంతదారులకు పంపాలని అత్త తాపత్రయపడింది. ఊరి పేరైనా తెలియకుండా ఎవరిదని వెతకమంటారని జావా ఆయన రాశాడు. పార్సిలు ఆఫీసులో "ఆయుధాలు తీసుకోమమ్మా" అన్నారు. పోనీ, ఉదయగిరిలో చెక్క స్పూన్లు చేసేవాళ్ల చేత ఒర చేయిద్దామన్నాను. ఒప్పుకోలేదు. "దాని ఒర దానికి యాడో ఉండాది. మనం ఇంకోటి తొడిగితే మనదైపోతాది." ఆ తర్వాత భోజనం ముందు ప్రార్థనలో ఒక మాట కలిపింది: "ఆ గుడ్డ కట్టినోళ్ల బిడ్డలు చల్లంగా ఉండాల ప్రభువా." కూర చల్లారిపోతున్నా ఆ మాట దగ్గర ఆగిపోయేది.

అత్తను పూడ్చిపెట్టి సమాధుల దొడ్డి నుంచి తిరిగొచ్చాక నాయన అత్త బీరువా తెరిచి బాకు తీశాడు. తువ్వాలులో చుట్టుకున్నాడు. మళ్లీ గోడకు తగిలిస్తాడని నాకు కోపం వచ్చింది. ఆత్మకూరు బస్సు ఉదయగిరి దాటాక ఆయనే నోరు తెరిచాడు.

"మీ తాత పొయ్యేముందు జరంలో పలవరించినాడు. చేతులు రెండూ జోడించి 'అంపు, అంపు' అనేవాడు. ఏడికో అంపమంటన్నాడని 'అట్నే అంపుతాంలే నాయనా' అనేవాణ్ణి. ఊరుకునేవాడు కాదు. మీ అత్త అప్పుడు డ్యూటీలో ఉన్నింది. ఆమెకు చెప్పలా."

"ఎందుకు చెప్పలేదు నాయనా?"

"అది నాయన గొంతు కాదు మే. ఎవురో బతిమాలుకుంటన్నట్టు ఉన్నింది."

ఆయన కిటికీ వైపు తిరిగాక ఆ మాటను ఫోనులో కొట్టి చూశాను. జావా వాళ్లకు తెలిసిన భాషలో దానికి దగ్గరగా 'అంపున్' అన్న మాట ఉంది. క్షమించు, చంపొద్దు అని అర్థం. తాత తన కోసం అడిగాడో, తనను ఎవరో అడిగిన మాటే అన్నాడో నాకు తెలియదు. అత్తయితే అప్పటికప్పుడే తమ్ముడికి చెప్పేది. నేను ఫోను సంచిలో పెట్టేశాను.

గతుకుల్లో బస్సు ఎగిరిపడినప్పుడల్లా నాయన ఒడిలోని తువ్వాలు మూటను రెండు చేతులతో కాస్త పైకెత్తి పట్టుకుంటున్నాడు, దానికి దెబ్బ తగలకుండా.